డిగ్రీ చివరి సెమిస్టర్ల గణితం, సాంఖ్యక శాస్త్రం: కోనసీమలోని ఒక కళాశాలలో నా అనుభవం

కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో గణితం, సాంఖ్యక శాస్త్రం, కంప్యూటర్ సైన్సు కలిపిన బి.ఎస్సీ.ని 2025లో పూర్తి చేశాను. అక్కడ పై సెమిస్టర్లలో పాఠాలు ఎలా ఉంటాయని మా ఊరి పిల్లలు, వారి తల్లిదండ్రులు తరచూ అడుగుతున్నారు కనుక, కళాశాల పేరు చెప్పకుండా నేను చూసినది చూసినట్టు రాస్తున్నాను. మాది మూడు సబ్జెక్టుల పాత పద్ధతి. 2023-24 నుంచి మన రాష్ట్రంలో ఒక ప్రధాన సబ్జెక్టు, ఒక ఉప సబ్జెక్టు ఉండే మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది కాబట్టి పేపర్ల వరుసలో తేడా ఉండవచ్చు.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ పేపరు గురించి. మా మాస్టారు మొదటి రోజు ఒక్క సూత్రమైనా రాయలేదు. బోర్డు మీద ఒక చేను గీసి, దాని అంచున బోదె గీసి, బోదె పక్క మడికి నీరు ముందు అందుతుంది, శివారు మడికి ఆఖరున అందుతుంది, అలాంటప్పుడు నాలుగు వరి రకాలు నాటి కోసిన తరువాత దిగుబడిలో కనిపించే తేడా విత్తనానిదో నీటిదో ఎలా తేలుస్తారని అడిగారు. రైతు బిడ్డలమైన మాకు ఆ ప్రశ్న వెంటనే అర్థమైంది. బోదెకు సమాంతరంగా చేనును అయిదు పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలోనూ నాలుగు రకాలనూ చీటీలు తీసి వచ్చిన వరుసలో నాటడమే రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ అని మేమే చెప్పగలిగేదాకా ఆయన ఆగారు. తరువాత ఆ ఇరవై మడుల దిగుబడిని రెండు విధాలుగా లెక్క కట్టించారు. పట్టీలను పట్టించుకోకపోతే ఎర్రర్‌కు, అంటే రకాలతో సంబంధం లేని తేడాను కొలవడానికి, 16 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కకు ఆధారమైన స్వతంత్ర విలువలు, ఎక్కువ ఉంటే మేలు) మిగులుతాయి, పట్టించుకుంటే 12 మాత్రమే మిగులుతాయి. అయినా నీటి వల్ల వచ్చిన తేడా ఎర్రర్ నుంచి తొలగిపోవడంతో, మొదటి లెక్కలో కనిపించని రకాల మధ్య తేడా రెండవ లెక్కలో స్పష్టంగా బయటపడింది. ఆ సెమిస్టరులోనే చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా మార్టేరు వరి పరిశోధన స్థానానికి తీసుకువెళ్ళారు. మన ఊళ్ళలో తరతరాలుగా పండించినట్టు అనిపించే స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, అక్కడి నుంచి 1982లో విడుదలైనదే. ఇలాంటి మడుల్లో, ఇలాంటి లెక్కలతోనే ఒక రకాన్ని నిలబెడతారని కళ్ళారా చూసిన తరువాత రికార్డు రాయడం మాకు బరువుగా తోచలేదు.

ఎస్టిమేషన్, అంటే పరిశీలనల నుంచి తెలియని విలువను అంచనా కట్టే పాఠాలూ అంతే శ్రద్ధగా జరిగాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సాంఖ్యక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లో ప్రచురించిన వ్యాసంలోని అసమానతను, అంటే సగటున అసలు విలువనే ఇచ్చే ఏ నిష్పాక్షిక అంచనాకైనా వేరియన్సు (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఒక హద్దు కన్నా తగ్గదనే ఫలితాన్ని, మాస్టారు రెండు వారాలు తీసుకుని చెప్పారు. అయితే సున్న నుంచి థీటా అనే తెలియని విలువ వరకు అంతటా సమాన అవకాశం ఉండే యూనిఫాం డిస్ట్రిబ్యూషన్‌లో, అన్నిటికన్నా పెద్ద పరిశీలనను కొద్దిగా సవరించి తీసుకున్న అంచనా ఆ హద్దు కిందికి దిగిపోతుంది. ఎందుకని అడిగితే, ఇక్కడ వ్యాప్తి అంచే థీటాతో పాటు కదులుతుంది కాబట్టి సమాకలనం లోపలికి అవకలనాన్ని తీసుకువెళ్ళడం కుదరదనీ, అది ఎప్పుడు కుదురుతుందో మీరు రియల్ అనాలిసిస్‌లో (అవధి, అవిచ్ఛిన్నత వంటివాటిని రుజువులతో నేర్పే పేపరులో) చదివే ఉంటారనీ అన్నారు.

మేము చదవలేదు. నా అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది. రియల్ అనాలిసిస్‌ను పరీక్షకు వచ్చే పదిహేను సిద్ధాంతాలుగా కుదించి, నోట్సు చెప్పి రాయించి, ఇంటర్నల్స్‌లో అవే అడిగారు. అవిచ్ఛిన్నత నిర్వచనంలో, ఫలితంలో ఒప్పుకునే తేడా అయిన ఎప్సిలాన్‌ను ముందు ఎవరు ఎంచుకుంటారు, ఎక్స్ విలువలు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే డెల్టా దాని మీద ఎందుకు ఆధారపడుతుంది అన్నది తరగతిలో ఒక్కసారైనా చర్చకు రాలేదు. యూనిఫాం కంటిన్యుయిటీ (ఒకే డెల్టా అన్ని చోట్లా సరిపోయే అవిచ్ఛిన్నత) నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయగల మా తరగతిలో, అన్ని వాస్తవ సంఖ్యల మీదా తీసుకున్న ఎక్స్ స్క్వేర్‌కు ఆ లక్షణం ఎందుకు లేదో చెప్పగలిగినవారు ఇద్దరో ముగ్గురో. పిల్లలకు మార్కులు రావాలన్న ఆ అధ్యాపకుల తపన నిజమైనదే, మార్కులు వచ్చాయి కూడా. కానీ ఐఐటీల వంటి సంస్థల్లో ఎం.ఎస్సీ. ప్రవేశానికి జామ్ అనే జాతీయ పరీక్ష రాసినప్పుడు, 60 ప్రశ్నల్లో 20 ప్రశ్నలకు ఎంచుకోవడానికి సమాధానాలే ఇవ్వరు, సంఖ్యను మనమే రాబట్టాలి. బట్టీ పట్టిన రుజువులు అక్కడ నాకు ఏమాత్రం అక్కరకు రాలేదు.

లీనియర్ ఆల్జీబ్రా ఫరవాలేదు. రింగ్ థియరీ మాత్రం హడావిడిగా ముగిసింది. ల్యాబ్‌లో సాంఖ్యక లెక్కలకు వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది కానీ కంప్యూటర్లు చాలక ఇద్దరిద్దరం కూర్చునేవాళ్ళం. అది ఉచితమే కాబట్టి ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారు అందులో వేసుకోవచ్చు.

సాంఖ్యక శాస్త్రం మీద ఆసక్తి ఉంటే ఈ కళాశాలలో నిస్సందేహంగా చేరండి. అనాలిసిస్‌ను మాత్రం ఆ పేపరుకు ముందు వచ్చే వేసవి సెలవుల్లోనే సొంతంగా మొదలుపెట్టండి. అర్థం కాని రుజువులను సాంఖ్యక శాస్త్రం మాస్టారి దగ్గరకు తీసుకువెళ్ళండి. అది తన పేపరు కాకపోయినా, సాయంత్రం ఆఖరి బస్సు వేళ వరకు కూర్చుని చెబుతారు.