మూడు వరుసల ఎస్‌యూవీనా, మినీవ్యానా?

ఇంట్లో మూడో బిడ్డ రాబోతుంటే ఐదు సీట్ల కారు ఇరుకైపోతుంది. అప్పుడు ప్రధానంగా మిగిలేవి ఈ రెండే.

ఎస్‌యూవీ గతుకుల దారిలో అడుగు తగలకుండా పోతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే బురదలోనూ లాగేస్తుంది. కానీ ఎత్తు ఎక్కువ కాబట్టి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాల్సి వస్తే బోల్తా పడే ప్రమాదమూ ఎక్కువే. కారు జారి అదుపు తప్పబోతే చక్రాలకు తానే బ్రేకు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేనిదాని జోలికి అసలు వెళ్లొద్దు.

మినీవ్యాన్‌లో ఫ్లోర్ కిందికి ఉంటుంది. పిల్లలు తామే ఎక్కుతారు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ సులువు. పక్కకు జరిగే తలుపులుంటే ఇరుకు పార్కింగ్‌లో పక్క కారుకు తగులుతుందన్న టెన్షన్ ఉండదు. నిద్రపోతున్న పసిబిడ్డకు బెల్టు పెట్టేటప్పుడు ఆ చోటు ఎంత హాయో! మూడో వరుసలో మనుషులున్నా వెనక సామాను పడుతుంది. చాలా ఎస్‌యూవీల్లో అప్పుడు రెండు సంచులు పెట్టడమే కష్టం.

గుద్దుకున్నప్పుడు కిటికీల వెంట తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు మూడో వరుస దాకా ఉన్నాయా, ఐసోఫిక్స్ (చైల్డ్ సీటును కారుకు నేరుగా బిగించే కొక్కేలు) ఎన్ని సీట్లకు ఉంది అన్నది మాత్రం దేనిలోనైనా చూడాల్సిందే. క్రాష్ టెస్టు రేటింగ్ ఏ ఏడాదిదో కూడా అడగండి, ఆ పరీక్షలు ఏళ్లు గడిచేకొద్దీ కఠినమయ్యాయి.

రోజూ తిరిగే రోడ్లు బాగుంటే నా ఓటు మినీవ్యాన్‌కే. కొనేముందు మీ చైల్డ్ సీట్లన్నీ షోరూముకు పట్టుకెళ్లి, ఒకేసారి బిగించి చూడండి.