బీబీసీ మైక్రో మోడల్ బి: ఏళ్లపాటు వాడి, ఒకసారి షూటింగ్‌కి కూడా ఇచ్చాక

టీవీ సీరియల్‌లో పాత ఇంటి కంప్యూటర్ కనబడితే నా చూపు ముందు దాని స్క్రీన్ మీదకు పోతుంది. అది వెలుగుతోందా, వెలిగితే అందులో ఏముంది, నటుడి వేళ్లకూ స్క్రీన్ మీద పడే అక్షరాలకూ పొంతన ఉందా అని చూస్తాను. పొంతన ఉన్నవి తక్కువ. ఎక్కువసార్లు ఆ మెషిన్ పూలకుండీలా ఒక మూల కూర్చుని ఉంటుంది.

నా దగ్గర బీబీసీ మైక్రో మోడల్ బి అనే పాత బ్రిటిష్ ఇంటి కంప్యూటర్ ఉంది. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో కార్ బూట్ సేల్‌లో (జనం కారు డిక్కీల్లో పాత సామాను తెచ్చి అమ్ముకునే సంతలో) కొన్నాను, అప్పటినుంచీ వాడుతూనే ఉన్నాను. ఆ మధ్య ఒక పీరియడ్ డ్రామా (పాత కాలంలో జరిగే కథ) వాళ్లు సెట్‌లో పెట్టుకుంటామని అడిగితే కొన్నాళ్లు ఇచ్చాను, దగ్గరుండి నడిపించాను కూడా. ఈ సమీక్ష ఆ రెండు అనుభవాల మీద రాస్తున్నది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టీవీలో చూపడానికి ఇంతకంటే మంచి పాత కంప్యూటర్ నాకు తెలియదు, కానీ దాన్ని ఆన్ చేసి, నిజంగా పని చేయించి చూపాలి. డొల్ల పెట్టెగా పెట్టేటట్టయితే ఏ మెషిన్ పెట్టినా ఒకటే.

అసలు ఇది పుట్టిందే టీవీ కోసం. 1980ల మొదట్లో బీబీసీ జనానికి కంప్యూటర్లు నేర్పించే కార్యక్రమం ఒకటి తలపెట్టి, దానికి తగ్గ మెషిన్ కోసం కంపెనీలను సంప్రదించింది. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీలో స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్, వాళ్ల తోటివాళ్లు వారం లోపల నమూనా తయారుచేసి చూపించారు. 1981 డిసెంబరులో మెషిన్ బయటికి వచ్చింది. 16 కేబీ మెమరీ ఉన్నది మోడల్ ఎ, 32 కేబీ ఉన్నది మోడల్ బి. ధరలు కొద్ది కాలంలోనే 299, 399 పౌండ్లకు చేరాయి. 1982 జనవరిలో 'ది కంప్యూటర్ ప్రోగ్రాం' ప్రసారం మొదలైంది. క్రిస్ సెర్ల్ ఏమీ తెలియని విద్యార్థిగా అడుగుతుంటే ఇయన్ మెక్‌నాట్-డేవిస్ విప్పి చెప్పేవాడు, మధ్యలో బల్ల మీద ఈ మెషిన్. తర్వాతి ఏళ్లలో ఇవి 15 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

మనకూ దీనికీ చుట్టరికం ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ పరిచయం కోసం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న మెషిన్ ఇదే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లైసెన్సు తీసుకుని యూనికార్న్ పేరుతో దీన్ని ఇండియాలోనే తయారుచేసింది. నేను మొదటిసారి కీబోర్డు మీద వేలు పెట్టింది ఆ పథకం కింద బడికి వచ్చిన మెషిన్ మీదే. బీరువాకు వేసినట్టు ఆ గదికి ఎప్పుడూ తాళం ఉండేది. వంతు వచ్చేసరికి పీరియడ్ అయిపోయేది. ఇంగ్లండ్ సంతలో దీన్ని చూడగానే బేరం ఆడకుండా కొనడానికి అదే కారణం అయ్యుండాలి.

వాడకం సంగతికి వద్దాం. స్విచ్ వేయగానే ముందు ఒక మందమైన మోత, వెంటనే 'బీప్', అంతే. సెకను లోపల మెషిన్ సిద్ధం. నల్లటి తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కే', దాని కింద 'బేసిక్' (ఇందులో ప్రోగ్రాంలు రాసే భాష), ఆ కింద మన ఆజ్ఞ కోసం ఒక బాణం గుర్తు. పాత కంప్యూటర్ అంటే ఆన్ అవడానికి గంటలు పడుతుందని చూపించే సీరియల్ రచయితలు ఒక్కసారి దీని స్విచ్ వేసి చూడాలి. ఆలస్యమంతా క్యాసెట్ నుంచి ప్రోగ్రాం ఎక్కించేటప్పుడే. అది మాత్రం నిజంగా నిమిషాల తరబడి కీచుమంటూ సాగుతుంది. కుర్రాడు టేపు పెట్టి కిందికి పోయి టీ తాగి వచ్చినట్టు ఏ సీరియల్ అయినా చూపిస్తే నేను లేచి చప్పట్లు కొడతాను.

కీబోర్డు ఇప్పటికీ గట్టిది. నొక్కితే లోతుగా దిగుతుంది, గట్టిగా చప్పుడవుతుంది. పై వరుసలో పది ఎర్ర ఫంక్షన్ కీలు. ఎవరు చూసినా మొదట అడిగేది వాటి గురించే. వాటి పైన కాగితం పట్టీ దూర్చుకోవడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ అంచు ఉంటుంది, ఏ కీ ఏం చేస్తుందో రాసి పెట్టుకోవచ్చు. లోపల 2 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్. సోఫీ విల్సన్ రాసిన బేసిక్ ఆ కాలానికి చాలా ముందున్నది. ప్రోగ్రాంని చిన్న ముక్కలుగా విడదీసి, పేర్లు పెట్టి ప్రొసీజర్లుగా రాసుకోవచ్చు, అందులోనే అసెంబ్లీ (ప్రాసెసర్‌కి నేరుగా ఇచ్చే ఆజ్ఞలు) కూడా రాయవచ్చు. నేను ఇప్పటికీ చిన్న చిన్న లెక్కల ప్రోగ్రాంలు దీని మీద సరదాగా రాస్తుంటాను, విసుగు రాలేదు. 1984 నాటి 'ఎలైట్' ఆట ఆడాలంటే మాత్రం ఆ రోజుకి వేరే పని పెట్టుకోకూడదు.

స్క్రీన్‌కి ఎనిమిది మోడ్‌లు, అంటే తెర మీద చూపే పద్ధతులు, ఉన్నాయి. టీవీ దృష్టితో ముఖ్యమైనది మోడ్ 7. ఇది టెలిటెక్స్ట్ చిప్ మీద నడుస్తుంది, అంటే 1974 నుంచీ బ్రిటిష్ ఇళ్లలో టీవీ తెర మీద వార్తలు చదివించిన సీఫ్యాక్స్ అనే బీబీసీ టెలిటెక్స్ట్ సేవ అక్షరాలే ఇవి. వరుసకు 40 అక్షరాలు, 25 వరుసలు, ఖర్చయ్యే మెమరీ 1 కేబీ. రంగురంగుల మోడ్ 2 పెడితే 32లో 20 కేబీ తెరకే పోతుంది, ప్రోగ్రాం రాసుకోవడానికి చోటు కరువు. అందుకే చాలామంది మోడ్ 7లోనే బతికారు.

బీబీసీ వాళ్లు దీన్ని తెర వెనక కూడా బాగా వాడుకున్నారు. డాక్టర్ హూ అనే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ కథల్లో 1982 నాటి 'కాస్ట్రోవాల్వా', 1983 నాటి 'ది ఫైవ్ డాక్టర్స్', 1984 నాటి 'ది ట్విన్ డైలెమా' లాంటి వాటికి తెర మీది గ్రాఫిక్స్ ఈ మెషిన్ నుంచే వచ్చాయి. 'ఫస్ట్ క్లాస్' అనే పిల్లల క్విజ్‌లో స్కోర్లు చూపిన మైక్రోకి 'యూజీన్' అని ముద్దుపేరు కూడా ఉండేది. వీటిలో పెట్టె కనబడదు, అది గీసిన గీతలే కనబడతాయి. ఆ గీతల్లో ఒక నిజాయితీ ఉంది. 1981 నాటి 'హిచ్‌హైకర్స్ గైడ్' సీరియల్‌లో కంప్యూటర్ గీసినట్టుండే బొమ్మలన్నీ నిజానికి మనుషులు చేత్తో చేసిన యానిమేషన్. అప్పటి కంప్యూటర్లకు అంత పని ఒంటబట్టలేదు. ఆ చేతిపనికి నా గౌరవం ఎప్పుడూ ఉంటుంది. అయినా ఇంట్లో మైక్రో పెట్టుకున్నవాడికి ఏది అసలో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక షూటింగ్ సంగతి. సీన్ చిన్నదే. 1984లో ఒక ఇల్లు, కుర్రాడు రాత్రిపూట ప్రోగ్రాం రాస్తుంటాడు, తల్లి తలుపు తీసి పడుకోమంటుంది. ఆర్ట్ విభాగం నుంచి వచ్చినాయన ముందు పెట్టె ఒక్కటే చాలన్నారు, స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు తర్వాత అతికిస్తాం అన్నారు.

"పచ్చవి ఎందుకండీ?" అని అడిగాను.

"పాత కంప్యూటర్ అంటే పచ్చ అక్షరాలే కదా, చూసేవాళ్లకి అదే గుర్తు" అన్నారు.

పచ్చ తెర మానిటర్లు ఉన్నమాట నిజమే. కానీ మామూలు ఇంట్లో కుర్రాడి దగ్గర మానిటర్ ఎక్కడిది? యాంటెనా సాకెట్‌లోకి తీగ పెట్టి టీవీకే తగిలించేవాళ్లు. అందుకే ఇంట్లో గొడవలు కూడా, తల్లికి సీరియల్, కొడుక్కి కంప్యూటర్. ఇది చెప్పగానే ఆయన మొహం మారింది. డైరెక్టర్‌తో మాట్లాడి ఒక పాత చిన్న కలర్ టీవీ తెప్పించారు. తల్లి ఎందుకు విసుక్కుంటుందో ఇప్పుడు మాటల్లేకుండానే తెలుస్తుంది. ఆయన వినిపించుకున్నందుకు నాకు ఈరోజుకీ సంతోషమే.

రెండో సమస్య నటుడు. పదహారేళ్ల కుర్రాడు, ఈ కీబోర్డు ఎప్పుడూ చూడలేదు. చూడకుండా తప్పుల్లేకుండా టైప్ చేయమంటే అతనికి టెన్షన్. దానికి బేసిక్‌లో పదీ పన్నెండు లైన్ల ప్రోగ్రాం రాశాను. అతను ఏ కీ నొక్కినా ముందే రాసిపెట్టిన పాఠంలోని తర్వాతి అక్షరమే తెర మీద పడుతుంది. వేగం అతనిది, లయ అతనిది, అక్షరాలు మావి. కెమెరా భుజం మీదుగా చూసినా ఎక్కడా అబద్ధం కనబడలేదు.

మూడోది రీటేకులు. ప్రతి టేకుకీ తెర మళ్లీ మొదటికి రావాలి. పై వరుసలో కుడి చివర, ఎర్ర కీల పక్కనే, బ్రేక్ కీ ఉంటుంది. అది తగిలితే మెషిన్ రీసెట్ అవుతుంది. మామూలుగా అది తలనొప్పి. కానీ ఈ మెషిన్‌లో బ్రేక్‌ని కూడా పదో నంబరు ఫంక్షన్ కీగా లెక్కిస్తారు. '*KEY' (స్టార్ కీ) అనే ఆజ్ఞ టైప్ చేసి దానికి 'ఓల్డ్', 'రన్' అనే రెండు మాటలు నేర్పిపెడితే, నొక్కిన వెంటనే పోయిన ప్రోగ్రాంని వెనక్కి తెచ్చి మొదటినుంచి నడిపిస్తుంది. అలా బ్రేక్ మా రీటేక్ బటన్ అయింది. 1981లోనే ఈ వెసులుబాటు ఆలోచించి పెట్టినవాళ్లకి ఆ రోజు మనసులో దండం పెట్టుకున్నాను.

కెమెరాతో పేచీ ఒకటి వచ్చింది. సినిమాలా ఉండాలని సెకనుకి 24 ఫ్రేములు పెట్టారు. ఇక్కడి పాత టీవీ సెకనుకి 50 సార్లు తెర గీస్తుంది, 24తో కలవదు. తెర మీద నల్లటి పట్టీ మెల్లగా పాకుతూ కనబడింది. 25కి మార్చి షటర్ 1/50 సెకను పెట్టగానే పట్టీ పోయింది. అమెరికాలో టీవీ 60 మీద నడుస్తుంది కాబట్టి అక్కడ పని ఇంత తేలిక కాదు, 24 ఫ్రేములకు సరిపడేలా వీడియో సిగ్నల్‌నే మార్చి ఇచ్చే నిపుణులు ప్రత్యేకంగా ఉండేవాళ్లు. సౌండ్ రికార్డిస్టు కుర్రాడు మాత్రం హెడ్‌ఫోన్‌లో సన్నటి ఈల వినబడుతోందన్నాడు. అది పాత టీవీ లైన్లు గీసే చప్పుడు, 15,625 హెర్ట్‌జ్. మాటలకు చాలా పైన ఉంటుంది కాబట్టి తర్వాత వడగట్టేశారు.

వేరే సీరియల్స్ విషయానికొస్తే, 1980ల కంప్యూటర్ కంపెనీల కథ 'హాల్ట్ అండ్ క్యాచ్ ఫైర్' రెండో సీజన్‌లో మ్యూటినీ కంపెనీ ఇల్లు నాకు చాలా నచ్చింది. కమోడోర్ 64లు (అప్పటి ఇంకో ఇంటి కంప్యూటర్), నేలంతా తీగలు, వాటి మధ్య తిండి, నిద్ర, పోట్లాటలు. మెషిన్లు మనుషుల బతుకులో కలిసిపోయి ఉంటాయి. 'ది ఐటీ క్రౌడ్' నేలమాళిగలో కమోడోర్ పెట్ అనే పాత కంప్యూటర్ ఊరికే పడి ఉంటుంది. అక్కడ అదే సబబు, ఆ గది పాత సామాను పారేసే చోటే కదా.

ఆర్ట్ విభాగాలు తరచుగా వదిలేసే విషయం ఇంకొకటి ఉంది, రంగు. నలభై ఏళ్లలో ఈ ప్లాస్టిక్ పసుపెక్కిపోతుంది. అది నిప్పంటుకోకుండా కలిపే రసాయనాలూ వెలుతురూ కలిసి చేసే పని. 1984లో కొత్తగా కొన్న కంప్యూటర్ అని కథలో చెప్తూ పాత నెయ్యి రంగు పెట్టె చూపిస్తే ఏం బాగుంటుంది? హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, నేను చేశాను. సమంగా పూయకపోతే చారలు పడతాయి, కొన్నేళ్లకు పసుపు మళ్లీ తిరిగి రావచ్చు. అయినా షూటింగ్ ముందు చేయదగ్గ పనే.

లోపాలు దాచను. పవర్ సప్లైలో కరెంటు రొదని ఆపే ఫిల్టర్ కెపాసిటర్లు వయసు మీద పడి పగులుతాయి, తేమ పీల్చుకుని ఒకరోజు పొగ చిమ్ముతాయి. మా ఇంట్లో జరిగింది. మెషిన్‌కి ఏమీ కాలేదు, కానీ గదిలో కాలిన వాసన రోజుల తరబడి పోలేదు. వాటిని ముందే మార్పించడం మంచిది, ఖర్చు కొద్దిపాటిదే. కొన్ని కీలు మొరాయిస్తాయి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదేపదే నొక్కితే దారికొస్తాయి. ఫ్లాపీలు నమ్మదగ్గవి కావు, యూజర్ పోర్టుకి ఎస్‌డీ కార్డు అడాప్టర్ పెట్టుకుని ఆ బాధ వదిలించుకున్నాను. కొత్త ఎల్‌సీడీ టీవీలకు కలపాలంటే రాస్‌ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో నడిచే కన్వర్టర్ వాడుతున్నాను, బొమ్మ శుభ్రంగా వస్తుంది. వెనకున్న కాంపోజిట్ (ఒకే తీగలో బొమ్మంతా పంపే) సాకెట్ నుంచి మామూలుగా నలుపు తెలుపే వస్తుంది, రంగు కావాలంటే బోర్డు మీద ఒక లింకు కలపాలి. కొత్తగా కొన్నవాళ్లు మెషిన్ చెడిపోయిందని కంగారుపడేది ఇక్కడే.

కొనాలనుకునేవాళ్లు మూత తీసి చూపించమని అడగండి. పవర్ సప్లై బాగుచేయించారో లేదో తెలుసుకోండి, అన్ని కీలూ నొక్కి చూడండి. 32కే అని తెర మీద చదివాకే డబ్బు ఇవ్వండి. షూటింగ్ కోసమే అయితే కొనక్కర్లేదు. కేంబ్రిడ్జ్‌లోని సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీ లాంటి మ్యూజియంలు టీవీ, సినిమా వాళ్లకి ఇలాంటి మెషిన్లు అద్దెకు ఇస్తాయి. నన్ను మళ్లీ అడిగితే నేనూ ఇస్తాను. షరతులు రెండే: పాత టీవీ కూడా తెచ్చుకోవాలి, స్క్రిప్టులో ఆ సీన్ ఉన్న పేజీ వారం ముందు నాకు పంపాలి. తెర మీద ఆ కుర్రాడు రాస్తున్న ప్రోగ్రాం నిజంగా నడిచేదై ఉండాలి, దాన్ని నేనే రాసిస్తాను.