బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్: ఫోన్‌తో తొలి లఘుచిత్రం తీసేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

కడపలో మా వీధిలోని ఒక పాత ఇంట్లో ఎనిమిది నిమిషాల లఘుచిత్రాన్ని పూర్తిగా ఫోన్‌తోనే తీసి ముగించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. కువైట్‌కు పోయిన కొడుకు నుంచి ఫోన్ వస్తుందని రాత్రంతా మేలుకొని కూర్చునే ఒక అవ్వ కథ అది. అటువంటి ఇళ్లు మా వైపు చాలా ఉన్నందువల్ల కథ కోసం దూరం వెళ్లవలసిన పని పడలేదు. కష్టమంతా చిత్రీకరణలోనే ఎదురైంది.

మొదటి రాత్రి ఫోన్‌లో ముందే ఉన్న మామూలు కెమెరాతోనే తీశాము. ట్యూబులైటు వెలుగులో అవ్వ ముఖం మీదుగా సన్నని నీడ పట్టీలు మెల్లగా జారిపోతున్నాయని చిన్న తెరపై మాకు కనిపించలేదు. మరుసటి రోజు టీవీకి తగిలించి చూసినప్పుడు పదకొండు టేకుల్లోనూ అవే పట్టీలు ఉన్నాయి. అవ్వ పాత్ర వేసిన పెద్దావిడను మళ్లీ అర్ధరాత్రి వరకు కూర్చోబెట్టవలసి వచ్చినందుకు నాకు చాలా బాధ కలిగింది. ఆ పట్టీలకు కారణం వెతుకుతూ ఈ యాప్ వరకు వచ్చాను.

కెమెరాలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆస్ట్రేలియా సంస్థ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దీనిని 2023లో ఐఫోన్లకు, 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లకు విడుదల చేసింది. యాప్ ఉచితం, తీసిన వీడియో మీద సంస్థ ముద్ర పడదు. ఆండ్రాయిడ్‌లో మొదట కొన్ని పిక్సెల్, గెలాక్సీ ఫోన్లకే ఇచ్చి తరువాత మరికొన్నింటికి విస్తరించారు కనుక, మీ ఫోన్‌లో పనిచేస్తుందో లేదో ముందుగా చూసుకోవాలి.

తెరపై సెకనుకు ఎన్ని ఫ్రేములు (విడి బొమ్మలు), షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం), ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పేది), వైట్ బ్యాలెన్స్ (లైటు రంగు ఏదైనా తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సర్దుబాటు) వంటి అంకెలు కనిపిస్తాయి. ఏ అంకెను తాకితే దానిని మన చేతితో మార్చుకోవచ్చు. మా రాత్రి సన్నివేశాన్ని కాపాడింది వాటిలో మొదటి రెండు అంకెలే. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు హెచ్చుతగ్గులు పూర్తిగా పడి వెలుగు సమానంగా నిలుస్తుంది. ఫోను తనంతట తాను 30 ఫ్రేములు, 60వ వంతు షట్టర్ ఎంచుకున్నప్పుడు ఆ లెక్క కుదరక పట్టీలు పుడతాయి. యాప్‌లో 25 ఫ్రేములు పెట్టి, షట్టర్‌ను 50వ వంతుకు బిగించి, అదే గదిలో అదే లైటు కింద మళ్లీ తీస్తే ఒక్క పట్టీ కూడా రాలేదు. షట్టర్‌ను కోణంలో చూపించే పద్ధతి ఎంచుకున్నవారికి ఇదే 180 డిగ్రీలుగా కనిపిస్తుంది.

దీనికన్నా ఎక్కువ మేలు నాకు పగటి సన్నివేశంలో కలిగింది. ఆ ఇంటి నేలంతా కడప బండలే. ఏళ్ల తరబడి తుడిచి తుడిచి నల్లగా నిగనిగలాడే బండలు. తెల్లచీర కట్టుకున్న అవ్వ గోడకు ఆనుకొని కూర్చుని, గడప అవతల నుంచి "ఏమవ్వా, అన్నం తింటివా?" అని పిలుపు వినిపించగానే లేచి వాకిలి వైపు నడవాలి. మామూలు కెమెరా అంత నల్లటి నేలను చూసి గది చీకటిగా ఉందనుకొని వెలుగు పెంచేది, బండలు బూడిదరంగుకు తిరిగేవి. అవ్వ లేచి తెల్లచీర ఫ్రేములో నిండగానే గది మొత్తం ఒక్కసారిగా మసకబారేది. ఎవరో పక్కన నిలబడి స్విచ్చు వేసి తీస్తున్నట్టు ఉండేది. ఈ యాప్‌లో ఐఎస్ఓను, షట్టర్‌ను బిగించి పెట్టడంతో బండ నల్లగానే, చీర తెల్లగానే చివరిదాకా నిలిచాయి. చీర మడతలు మరీ తెల్లబడి వివరం పోతున్నచోట తెరపై చారలు చూపే జీబ్రా అనే సౌకర్యం ఉంది. దానిని చూసుకుంటూ ఐఎస్ఓ తగ్గించాము. వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు 5600 కెల్విన్ల (వెలుగు రంగును కొలిచే అంకె) దగ్గర పెట్టి వదిలేశాము కాబట్టి షాట్ల మధ్య ఆమె చర్మం రంగు మారలేదు.

శబ్దం విషయంలో యాప్ చేయగలిగింది తక్కువ. మాట ఎంత గట్టిగా నమోదవుతోందో మీటరు చూపిస్తుంది, దానిని మైనస్ 12 డెసిబెళ్ల చుట్టూ ఉంచుకుంటే చాలు. కానీ ఫ్యాను హోరును అది తీసివేయలేదు. మే నెల కడప ఎండలో ఫ్యాను ఆపి, తీగ ఉన్న కాలరు మైకు తగిలించి, టేకుకూ టేకుకూ మధ్య అందరికీ మజ్జిగ ఇస్తూ పని నడిపించాము. ఆ ఎండలో ఫోను కూడా వేడెక్కుతుంది, కాబట్టి నీడలోనే ఉంచాలి.

ఆరుబయట ఒక చిక్కు ఉంది. ఫోను కెమెరాల్లో చాలావరకు అపర్చర్, అంటే కటకంలో వెలుగు దూరే రంధ్రం, మారదు. షట్టర్‌ను 50వ వంతులో ఉంచి, ఐఎస్ఓను కనిష్ఠానికి దించినా మధ్యాహ్నపు ఎండ బొమ్మను పూర్తిగా తెల్లబరుస్తుంది. అందుకు వెలుగును తగ్గించేలా కటకం ముందు తగిలించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. అది లేనప్పుడు ఉదయం ఏడు లోపల, సాయంత్రం ఐదు దాటాక తీయడం మేలు. గండికోట లోయ అంచున తీయదలచినవారికి ఈ మాట మరీ ముఖ్యం, అక్కడ ఎండతోపాటు మైకును ఊపేసే గాలి కూడా ఉంటుంది.

నిల్వ గురించి ముందే లెక్క వేసుకోవాలి. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున నమోదు చేస్తే ఒక్క నిమిషానికి 375 మెగాబైట్లు పడతాయి. మేము 1080 (ఫుల్ హెచ్‌డీ) పరిమాణంలోనే తీశాము, చూసినవారెవరికీ అది లోటుగా తోచలేదు. సీను, టేకు సంఖ్యలను యాప్‌లోనే రాసుకునే స్లేటు ఉండటం వల్ల, ఎడిటింగుకు కూర్చున్నప్పుడు ఏ టేకు ఏదో వెతుక్కునే శ్రమ తప్పింది.

కెమెరాను రోజుకింత అని అద్దెకు తెచ్చుకోవాలని చూస్తున్న కొత్తవారికి నా సలహా ఒక్కటే: ముందు ఈ యాప్‌తో ఒక రాత్రి ట్యూబులైటు కింద, ఒక ఉదయం వాకిట్లో, ఒకే మనిషిని పెట్టి రెండు నిమిషాలు తీసి టీవీలో చూడండి. ఏ అంకె ఎందుకు మార్చారో అప్పుడు మీకే తెలుస్తుంది, అద్దె కెమెరా మీద కనిపించేవి కూడా అవే అంకెలు. మా తరువాతి చిత్రానికి మేము కొనబోతున్నది ఎన్‌డీ ఫిల్టరు ఒక్కటే.