రోడ్ రాష్, ఐజీఐ, క్లా: సీక్వెల్ దేనికి రావాలి?

పాత కంప్యూటర్ ఆటల్లో దేనికి కొత్త భాగం రావాలి అని ఎవరిని కదిపినా రోడ్ రాష్ (బైకు పందెం), ఐజీఐ (తుపాకీ ఆట), క్లా (పిల్లి కెప్టెన్ ఆట), ఈ మూడు పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన తరానికి మూడూ కంఠతా వచ్చు కాబట్టి కథలు మళ్ళీ చెప్పను. ఎక్కువమంది ఓటు ఐజీఐకే. నా ఓటు మాత్రం రోడ్ రాష్‌కి.

ముందే పక్కన పెట్టినవి కొన్ని ఉన్నాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌కి 2021లో నాలుగో భాగం వచ్చేసింది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా 2024లో ‘ది లాస్ట్ క్రౌన్’గా మళ్ళీ వచ్చింది. కమాండోస్‌కి 2025లో ‘ఆరిజిన్స్’ వచ్చింది. వీటిని ఇంకా అన్యాయమైపోయిన ఆటల లెక్కలో వేయనక్కర్లేదు.

మిగిలినవాటిని తూచడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఆడేవాడు తప్పు చేసినప్పుడు ఆట ఏం చేస్తుంది? గ్రాఫిక్స్ ఎవరైనా కొత్తగా గీయించవచ్చు. కథ మళ్ళీ రాసుకోవచ్చు. తప్పుకి కట్టే మూల్యం ఎంత, దాన్ని ఏ రూపంలో కట్టాలి అన్నదే ఒక ఆటని ఇంకో ఆట నుంచి వేరు చేస్తుంది. ఆ పద్ధతిని తర్వాత వచ్చిన ఆటలు ఇంతకంటే బాగా చేసి ఉంటే సీక్వెల్ అవసరం తగ్గిపోతుంది. ఎవరూ చేయలేకపోతే ఆ ఖాళీ అలాగే ఉందన్నమాట.

ఐజీఐ: సేవ్ లేకపోవడమే దాని బలం

2000లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐలో 14 మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. నార్వేకి చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియో అంతకుముందు చేసిన యుద్ధవిమానాల ఆట ఇంజిన్ (ఆటని నడిపే సాఫ్ట్‌వేర్) మీదే దీన్ని కట్టింది. కొండ మీద నిలబడితే కింద మిలిటరీ బేస్ మొత్తం కనిపించడానికి కారణం అదే. విమానం నుంచి నేలని చూపించడానికి తయారైన ఇంజిన్‌కి కిలోమీటర్ల దూరం గీయడం కొత్త కాదు. అదే కాలంలో వచ్చిన తుపాకీ ఆటలు చాలావరకు గదులు, నడవాలు దాటి బయటికి రాలేదు.

దీనికి తోడు ఉపగ్రహ మ్యాప్, బైనాక్యులర్స్. ఏ కాపలా టవర్‌లో ఎవరున్నారో చూసుకుని, కెమెరాలని కట్ చేసే కంప్యూటర్ ఏ గదిలో ఉందో వెతుక్కుని, అప్పుడు దిగాలి. అలారం మోగితే బ్యారక్స్ లోంచి సైనికులు వస్తూనే ఉంటారు, ఎంతమందిని కాల్చినా తరగరు. మెడికల్ సిరంజి దొరికితే తప్ప పోయిన ఆరోగ్యం తిరిగి రాదు. అరగంట కష్టపడి చివరి గేటు దగ్గర ఒక్క బుల్లెట్‌కి పోతే మళ్ళీ మొదటినుంచీ మొదలు.

ఆ భయమే ఐజీఐ. దాన్ని తీసేస్తే ఏమవుతుందో చూడటానికి ఊహించుకోనక్కర్లేదు, 2003లో వచ్చిన ఐజీఐ 2 చూస్తే చాలు. 19 మిషన్లు, మెరుగైన బొమ్మ, మల్టీప్లేయర్, మిషన్ మధ్యలో పరిమితంగా సేవ్. కొలతల్లో అన్నీ పెద్దవే. కానీ గోడ పక్కన సేవ్ కొట్టి తొంగిచూసేవాడికి, ఏ సేవూ లేకుండా తొంగిచూసేవాడికి గుండె ఒకేలా కొట్టుకోదు. అందుకే రెండో భాగాన్ని మెచ్చుకునేవాళ్ళు కూడా మొదటిదాన్నే తలుచుకుంటారు.

ఇక్కడే సీక్వెల్‌కి చిక్కు వస్తుంది. సేవ్ లేకుండా ఇవాళ ఆట తీస్తే కొత్తవాళ్ళు రెండో మిషన్ దాటరు. సేవ్ పెడితే అది ఇంకో మామూలు గూఢచారి ఆట అవుతుంది, ఆ రకంవి ఇప్పటికే బోలెడు. బైనాక్యులర్స్‌తో శత్రువుల్ని గుర్తుపెట్టుకుని ఏ దిక్కు నుంచైనా బేస్‌లోకి దూరే పద్ధతిని 2015లో మెటల్ గేర్ సాలిడ్ 5 ఎంతో లోతుగా చేసింది. 2017లో ఘోస్ట్ రీకాన్ వైల్డ్‌ల్యాండ్స్, 2019లో స్నైపర్ ఘోస్ట్ వారియర్ కాంట్రాక్ట్స్ కూడా అదే దారిలో వచ్చాయి. ఐజీఐ వదిలివెళ్ళిన ఖాళీ చాలావరకు నిండిపోయింది. ‘ఐజీఐ ఆరిజిన్స్’ పేరుతో 2019లో ఒక కొత్త భాగాన్ని ప్రకటించారు కూడా. 2023లో తయారుచేస్తున్న స్టూడియో మూతపడటంతో అదీ ఆగిపోయింది. మళ్ళీ ఎవరైనా ఎత్తుకుంటే సంతోషమే. కాకపోతే సేవ్ సంగతి ఏం చేస్తారన్నదే నేను అడిగే మొదటి ప్రశ్న.

క్లా

1997లో మోనోలిత్ స్టూడియో చేసిన పిల్లి కెప్టెన్ ఆట. 14 లెవెళ్ళు, చేత్తో గీసిన బొమ్మ, కత్తి, పిస్తోలు, డైనమైట్. ముళ్ళ మీద పడితే ఆరోగ్యం ఎంత ఉన్నా ప్రాణం పోవాల్సిందే. మూల్యం కఠినమైనదే కానీ అందులో విశేషం లేదు, గెంతుకుంటూ పోయే ఆ రకం ఆటలన్నీ చేసేదే. ఈ రకంలో తర్వాత వచ్చినవి, 2013 నాటి రేమన్ లెజెండ్స్ మొదలు 2017 నాటి హాలో నైట్ వరకు, దీన్ని దాటి వెళ్ళిపోయాయి. మోనోలిత్‌ని 2025 ఫిబ్రవరిలో దాని యజమాని వార్నర్ సంస్థ మూసేసింది. క్లాకి కావలసింది సీక్వెల్ కన్నా, ఇవాళ్టి కంప్యూటర్లలో ఇబ్బంది పెట్టకుండా నడిచే శుభ్రమైన కాపీ.

రోడ్ రాష్: పడటం కూడా ఆటే

మనవాళ్ళు ఆడింది 1996లో విండోస్ 95 కోసం వచ్చినది. దానికి ముందు 1994లో 3డీఓ అనే గేమింగ్ మెషీన్ మీద వచ్చింది, అసలు మొదటిది 1991 నాటి సెగా జెనెసిస్ ఆట. ఐదు దారులు: సిటీ, పెనిన్సులా, పసిఫిక్ కోస్ట్ హైవే, సియెర్రా నెవాడా, నాపా వ్యాలీ. ఐదు లెవెళ్ళు. ప్రతి దారిలోనూ మొదటి మూడు స్థానాల్లో ఉంటేనే పై లెవెల్.

ఇది బైకు పందెం, కొట్లాట కలిసిన ఆట అని అందరూ చెప్తారు. ఆ రెండూ కలపడం కష్టమేమీ కాదు. రోడ్ రాష్ గొప్పతనం, పడిన తర్వాతి పది సెకన్లలో ఉంది.

ఒకసారి నెమ్మదిగా చూడండి. ఎదురుగా వస్తున్న కారుని గుద్దుతారు. మనిషి ఒకవైపు ఎగిరిపోతాడు, బండి ఇంకోవైపు జారిపోతుంది. తెర నల్లబడదు, ఆట ఆగదు. మనిషి లేచి, బండి ఎక్కడ పడిందో అక్కడిదాకా రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వెళ్ళాలి. ఎంత వేగంలో పడితే మనిషికీ బండికీ మధ్య దూరం అంత ఎక్కువ, అంటే పరుగూ అంత ఎక్కువ. ఆ పరుగులో ఇంకో కారు గుద్దితే మళ్ళీ ఎగిరి పడటమే. ఇందాక మీరు కాలితో తన్నిపడేసినవాళ్ళు ఒక్కొక్కరే పక్కనుంచి దూసుకుపోతుంటారు. పోలీసు దగ్గర్లో ఉంటే బండి దగ్గరికి చేరేలోపే వచ్చి పట్టుకుంటాడు, పందెం అక్కడితో సరి, పైగా జరిమానా.

తప్పు ఒక్కటే, మూల్యం మూడు చోట్ల పడింది. సమయం పోయింది. స్థానం పోయింది. బండికి దెబ్బ తగిలింది, అంటే జేబు మీదా పడింది. బండి పూర్తిగా పాడైతే రిపేరు బిల్లు కట్టాలి. బిల్లుకీ జరిమానాకీ డబ్బు చాలకపోతే ఆట ముగిసినట్టే. పందెంలో గెలుచుకున్న డబ్బు కొత్త బైకుకి దాచుకోవాలా, రిపేరు కోసం చేతిలో ఉంచుకోవాలా అన్న లెక్క ఎప్పుడూ వెంటాడుతుంది. ఉన్నదంతా పెట్టి మంచి బండి కొన్నవాడు తర్వాతి పందెంలో ఒక్కసారి గట్టిగా పడితే చాలు, మొదటికొస్తాడు.

అయినా ఐజీఐలోలా అరగంట శ్రమ బూడిదవదు. లేచి పరుగెత్తి బండెక్కితే ఇంకా గెలిచే వీలుంటుంది. శిక్ష ఉంది, కానీ శిక్ష అనుభవిస్తున్నంతసేపూ చేతిలో ఆట ఉంది. పైగా లెవెల్ పెరిగేకొద్దీ దారి పొడవు పెరుగుతుంది. చిన్న దారిలో చివర్లో ఒక్కసారి పడితే పందెం పోతుంది. పొడుగు దారిలో కోలుకోవడానికి చోటుంటుంది గానీ, బండి దెబ్బలు పోగవుతూ వస్తాయి. కొలత ఒక్కటి మార్చి కష్టం స్వభావాన్నే మార్చిన పద్ధతి అది.

కొట్లాటలోనూ ఇదే తెలివి ఉంది. పక్కవాడు కర్ర ఎత్తి కొట్టబోయే క్షణానికి సరిగ్గా గుద్దితే కర్ర మన చేతికొస్తుంది. కానీ దానికోసం వాడికి దగ్గరగా జరగాలి, చూపు రోడ్డు మీంచి తప్పుతుంది, ఎదురుగా వచ్చే బండి అప్పుడే వస్తుంది. ఎదురొచ్చే ట్రాఫిక్ లేకపోతే ఈ కొట్లాటకి ప్రాణమే లేదు.

ఈ ఖాళీని నింపడానికి ఒక మంచి ప్రయత్నం జరిగింది. 2013లో కిక్‌స్టార్టర్‌లో చందాలు పోగుచేసి, 2017లో పూర్తిస్థాయిలో విడుదలైన రోడ్ రిడెంప్షన్. కొట్లాట వరకు చూస్తే అది పాతదానికంటే బలంగానే ఉంది. కత్తులున్నాయి, తుపాకులున్నాయి, ఒకే తెర మీద నలుగురు ఆడొచ్చు. తేడా పడిన తర్వాత తెలుస్తుంది. పడితే ప్రాణాల గీత కొంచెం తగ్గి మళ్ళీ బండి మీదే తేలతాం. రోడ్డు మీద పరుగు లేదు. ప్రాణం పూర్తిగా పోతే మొత్తం ప్రయాణం మొదటినుంచి, సంపాదించిన పాయింట్లతో కొనుక్కున్న శక్తులు మాత్రం మిగులుతాయి. ఆ పద్ధతి తప్పని అనను. కానీ రిపేరు బిల్లు భయం, పోలీసు పట్టుకునేలోపు బండి దాకా పరుగు, ఈ రెండూ దాంట్లో లేవు. రోడ్ రాష్ వదిలిన చోటు ఇంకా ఖాళీగానే ఉందని నేననడానికి కారణం ఇదే.

కొత్త రోడ్ రాష్ వస్తే ఎక్కడ చెడుతుంది?

మొదటి ప్రమాదం ఓపెన్ వరల్డ్. ఊరంతా తిరిగే స్వేచ్ఛ ఇస్తే పోటీదారులు చెల్లాచెదురవుతారు, పక్కన కొట్టడానికి మనిషే ఉండడు. రెండు వైపులా వాహనాలు నడిచే ఒకే రోడ్డు, దాన్ని విడిచిపోలేని గుంపు, ఇవి ఉంటేనే కొట్లాట నిలుస్తుంది.

రెండోది ఆన్‌లైన్. గంటకి 180 కిలోమీటర్లంటే సెకనుకి 50 మీటర్లు. నెట్ ఆలస్యం సెకనులో పదోవంతు ఉన్నా బండి 5 మీటర్లు జరిగిపోతుంది. ఇద్దరూ ఒకే వేగంతో పక్కపక్కన పోతున్నంతసేపు ఆట లెక్కగట్టి సర్దుకుంటుంది. ఒకడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే మాత్రం, మీ తెర మీద తగిలిన దెబ్బ అతని తెర మీద గాలిలో పోయి ఉంటుంది. కొట్టినవాడి తెరని నమ్మితే తిన్నవాడికి కోపం, తిన్నవాడి తెరని నమ్మితే కొట్టినవాడికి కోపం. అందుకే ముందు ఒకే ఇంట్లో, ఒకే తెర మీద ఇద్దరు ఆడేలా చేసి, ఆన్‌లైన్‌ని తర్వాత చూసుకోవడం మేలు.

మూడోది పాటలు. సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మాగ్నెట్ లాంటి బ్యాండ్ల పాటలు ఆ ఆటలో సగం రుచి. వాటిని మళ్ళీ పెట్టాలంటే హక్కులకి మళ్ళీ డబ్బు కట్టాలి. కొత్త బ్యాండ్లు పెట్టినా ఫరవాలేదు, గిటార్ హోరు తగ్గకూడదు అంతే.

ఆట హక్కులు దాన్ని తీసిన ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) సంస్థ చేతిలోనే ఉన్నాయి. 2000లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ‘రోడ్ రాష్: జైల్‌బ్రేక్’, 2003లో దాని గేమ్‌బాయ్ అడ్వాన్స్ రూపం, ఆ తర్వాత పేరెత్తలేదు.

మిగతావి

మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్: మూడో భాగం 2003లో ఎక్స్‌బాక్స్‌కి మాత్రమే వచ్చింది కాబట్టి మనవాళ్ళు రెండుతోనే ఆగిపోయారు. ఊళ్ళో ఇష్టం వచ్చినట్టు కారు తోలే సరదా ఇప్పుడు ఫోర్జా హొరైజన్‌లో దండిగా దొరుకుతుంది.

వర్చువా కాప్ 2: గురిచూసి కాల్చే ఈ ఆటకి సీక్వెల్ 2003లోనే వచ్చింది, ఆర్కేడ్ మెషీన్లు దాటి ఇళ్ళలోకి రాలేదు. ఇలాంటివి ఆడే బొమ్మ తుపాకీ, అంటే పాత లైట్ గన్, పిక్చర్ ట్యూబ్ టీవీ వెలుగుని బట్టి గురి లెక్కగట్టేది, ఎల్‌సీడీ మీద అది పనిచేయదు. మౌస్‌తో ఆడేదాని కోసం కొత్త భాగం తీస్తారని ఆశ లేదు.

ఈలోపు ఆడాలంటే

అప్పటి సీడీల్లో చాలావాటి సెటప్ ఫైలు 16 బిట్‌ది. 64 బిట్ విండోస్ దాన్ని అసలు తెరవదు, కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా తెరవదు. పాత 32 బిట్ విండోస్ ఉన్న కంప్యూటర్లో గానీ వర్చువల్ మెషీన్లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) గానీ ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసుకుని కొత్త కంప్యూటర్లో పెట్టి చూడాలి. ఐజీఐ తెరుచుకున్నా బొమ్మ చెదిరిపోతుంటే పాత ఆటల గ్రాఫిక్స్‌ని కొత్త విండోస్‌లో నడిపించే డీజీవూడూ 2 అనే సాఫ్ట్‌వేర్ దించుకుని, అందులో ఎంఎస్ ఫోల్డర్ లోపలి ఎక్స్86 నుంచి డీడ్రా, డీ3డీఇమ్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్ళని ఆట ఈఎక్స్ఈ ఉన్న చోటే పెట్టండి. ఎక్స్64 ఫోల్డర్ లోంచి తీసుకుంటే ఏ మార్పూ కనిపించదు, ఎందుకంటే ఆట 32 బిట్‌ది.

రోడ్ రాష్ విండోస్ కాపీ మొండికేస్తే దానితో కుస్తీ పడకుండా మీ దగ్గరున్న 3డీఓ డిస్కుని ఎమ్యులేటర్లో (ఆ పాత మెషీన్‌ని కంప్యూటర్లో అనుకరించే సాఫ్ట్‌వేర్) నడపండి. దారులు అవే, మనుషులు అవే. మొదటి పందెంలోనే కావాలని ఒకసారి కారుకి ఎదురెళ్ళి పడి, బండి దాకా పరుగెత్తి చూడండి.