మూఢంలో మొరాయించే మిషన్: పాత లాన్ మూవర్‌తో నాలుగేళ్లు

అనంతపురంలో లాన్ పెంచుతున్నానంటే మా బంధువులే నవ్వుతారు. ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టుకున్న ఊళ్లో గడ్డికి బోరు నీళ్లేమిటని వాళ్ల మాట. కానీ కల్యాణదుర్గం రోడ్డు వైపు మాకు చిన్న ఫంక్షన్ హాలు ఉంది. రిసెప్షన్ ఫొటోలకు వెనక పచ్చగా కనిపించాలని పెళ్లివాళ్లు అడుగుతారు. అందుకని 20 సెంట్లలో గడ్డి వేయించాం. మొదట కొడవళ్లతో కోయించాం. సగం క్షవరం చేసి వదిలేసిన తలలా ఉండేది. 2021 చివర్లో బెంగళూరులో ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర 14,000 రూపాయలకు ఈ పెట్రోల్ మిషన్ కొన్నాను. 160 సీసీ ఇంజిన్. పుస్తకం లేదు, స్టిక్కర్లు ఎండకు ఎప్పుడో రాలిపోయాయి.

"లీటరుకు 40 ఎంఎల్ టూ టీ ఆయిల్ కలిపి పోయండి సార్, ఇంక చూసుకోనక్కరలేదు" అన్నాడాయన. లూనా, చేతక్ తోలిన తరం కదా మాది, బంకులో పెట్రోల్‌తో పాటు ఆయిల్ పోయించుకున్న అలవాటు. మారు ప్రశ్న వేయకుండా నమ్మేశాను. మొదటి రోజే దోమల మందు కొట్టినట్టు పొగ. మూడో వారానికి ప్లగ్ నల్లగా మసి పట్టి స్టార్ట్ కావడం మానేసింది.

మెకానిక్ వచ్చి ఇంజిన్ పక్కన ఎండు గడ్డి పేరుకున్న చోట గోరుతో గీకాడు. కింద ఇంకో మూత బయటపడింది. తిప్పి లాగితే గీతలున్న పుల్ల.

"మీకు ఎవురు చెప్పినారు సార్ పెట్రోల్లో ఆయిల్ కలపమని? ఇది ఫోర్ స్ట్రోక్. దీని ఆయిల్ దీనికి సపరేటు."

పుల్లకు అంటిందల్లా కాస్త నల్లటి జిడ్డు. అంటే పెట్రోల్లో అక్కర్లేని ఆయిల్ పోస్తూ, ఆయిల్ ఉండాల్సిన చోట దాదాపు ఖాళీగా తిప్పానన్నమాట. ఇంజిన్ బిగుసుకుపోకపోవడం నా అదృష్టం.

కాబట్టి పాత మిషన్ కొనేవాళ్లు ముందు మూతలు లెక్కపెట్టండి. పెట్రోల్ మూత ఒకటి, పుల్ల ఉన్న ఆయిల్ మూత ఇంకొకటి ఉంటే అది ఫోర్ స్ట్రోక్. ట్యాంకులో ఉత్త పెట్రోలే పోయాలి. ఒక్కటే మూత ఉండి, దాని మీద 50:1 అనో 25:1 అనో అంకె ఉంటే టూ స్ట్రోక్. 50:1 అంటే లీటరుకు 20 ఎంఎల్, 25:1 అంటే 40 ఎంఎల్. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ కలిపితే పొగ, మసి, ప్లగ్ ఖర్చు, అంతే. టూ స్ట్రోక్‌లో ఆయిల్ లేకుండా నడిపితే మాత్రం పిస్టన్ పట్టేస్తుంది. మా మామయ్య కిరోసిన్ కలపమన్నాడు. పెట్రోల్‌తో మొదలుపెట్టి కిరోసిన్‌కు మార్చే పాత నీళ్ల ఇంజిన్లు నడిపిన మనిషి ఆయన. ఆ విద్య దీనికి పనికిరాదు.

పుల్ల మూతలో పోసే ఇంజిన్ ఆయిల్ విషయం రెండు ముక్కల్లో. మొదట 10డబ్ల్యూ-30 అనే రకం పోశాను. మన ఎండాకాలంలో త్వరగా తగ్గిపోతోంది. ఎస్ఏఈ 30కి మారాక ఆ బాధ తగ్గింది.

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. మా మిషన్ పంచాంగం ప్రకారం నడుస్తుంది. ముహూర్తాలుంటే వారానికి రెండుసార్లు కోత. ఆషాఢం, మూఢం వచ్చాయంటే బుకింగులుండవు, బోరు కట్టేస్తాం, గడ్డి ఎర్రబారుతుంది, మిషన్ షెడ్డులో పడుంటుంది. శుక్ర మూఢమైతే రెండు నెలలు దాటడమూ ఉంది. ఆ తర్వాత మొదటి పెళ్లికి రెండు రోజుల ముందు తాడు లాగితే ఉలకదు, పలకదు. భుజం పోయేలా లాగితే ఎప్పటికో లేచి, ఊపిరందనట్టు ఇంజిన్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఏటా కార్బ్యురేటర్, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం, విప్పించడమే. దాని గిన్నెలో తెల్లటి పొడి, అడుగున నీటి బొట్లు. పెట్రోల్ పైపు ఉబ్బి మెత్తబడింది.

బంకువాళ్లు నీళ్లు కలిపారని తిట్టుకున్నాను. పాలిటెక్నిక్ చదివే మా అన్న కొడుకు కొలత గొట్టం తెచ్చి చూపించాడు. 10 ఎంఎల్ నీళ్లు, దాని మీద 100 ఎంఎల్ పెట్రోల్ పోసి, ఊపి, నిలకడగా పెట్టాడు. అడుగున నీటి గీత 30 దగ్గరికి పెరిగింది. ఆ పెరిగిందంతా పెట్రోల్లోంచి నీళ్లలోకి దిగిన ఇథనాల్, అంటే పెట్రోల్లో కలిపే ఆల్కహాల్. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోల్, 2025కల్లా దాదాపు ఏ బంకుకు వెళ్లినా అదే. ఇలాంటి చిన్న ఇంజిన్లకు 10 శాతం దాటొద్దని తయారీదారులు సాధారణంగా చెబుతారు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. నిల్వ ఉంటే నీటితో కలిసి అడుగుకు దిగుతుంది, అల్యూమినియాన్ని, పాత రబ్బరును తింటుంది. బంకువాళ్లను ఊరికే ఆడిపోసుకున్నాను.

వేరే పెట్రోల్ ఎక్కడ తేను? అందుకే వాడకం మార్చాను. పైపు కొత్తది వేయించాను. లీటరుకు మించి తేను, మా 20 సెంట్లు ఒకసారి కోయడానికి అది సరిపోతుంది. సీసాలో పోయడం కుదరదని బంకులో అనడంతో, పెట్రోల్ కుళాయి (కాక్) ఉన్న నా పాత బండి ట్యాంకులోంచే పట్టుకుంటాను. ఇంజిన్ చల్లారాకే పోస్తాను, వంటశాల పొయ్యిలకు దూరంగా. నెల దాటిన పెట్రోల్ దీనికి పోయను, బండిలో కొత్త పెట్రోల్‌తో కలిపి వాడేస్తాను. చివరి పెళ్లి అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కాక్ మూసి, దానంతటది ఆగిపోయేదాకా నడిపిస్తాను. కార్బ్యురేటర్లో చుక్క మిగలకూడదు. ఈ పద్ధతి పెట్టాక రెండు ఆషాఢాలు గడిచాయి. శ్రావణంలో మూడో లాగుడుకే లేచింది.

14,000 దండగ కాలేదు. అయితే ఐదారు సెంట్ల ఇంటి లాన్‌కు ఎవరైనా సలహా అడిగితే కరెంటు మిషన్ కొనుక్కోమంటాను, ఈ తంటాలేవీ ఉండవు.

నిరుడు గోడల వెంట గడ్డికి బ్రష్ కట్టర్ కొన్నాం. అది టూ స్ట్రోక్. ఇప్పుడు షెడ్డులో రెండు క్యాన్లు. ఆయిల్ కలిపిన దానికి మా వాచ్‌మన్ ఎర్ర దారం కట్టాడు. ఆ దారం ఊడిన రోజు ఇద్దరం క్యాన్ల మూతలు తీసి వాసన చూస్తూ అరగంట కూర్చున్నాం.