సింగపూర్‌లో తినడానికి: కోపిటియమా, హాకర్ సెంటరా?

సింగపూర్ వెళ్లే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. కోపిటియం అంటే ఇళ్ల మధ్య ఉండే పేట కాఫీ హోటలు. హాకర్ సెంటర్ అంటే ఒకే కప్పు కింద పదుల కొద్దీ తిండి స్టాళ్లు; ఈ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

ఖర్చు: రెండూ చవకే.

శ్రమ: కోపిటియంలో కూర్చోవడం తేలిక. హాకర్ సెంటర్‌లో మధ్యాహ్నం టేబుల్ దొరకడమే కష్టం; ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో పట్టుకున్నారని అర్థం. తిన్నాక ట్రే రెండు చోట్లా మనమే తీసి పెట్టాలి.

రుచి: కోపిటియంలో కాఫీ ముఖ్యం. గుడ్డ సంచిలో వడకట్టిన చిక్కటి డికాక్షన్‌లో కండెన్స్‌డ్ మిల్క్ కలిపిస్తారు. పాలు వద్దంటే 'కోపి ఓ', చక్కెర కూడా వద్దంటే 'కోపి ఓ కోసోంగ్' అనండి. కాయా అనే కొబ్బరిపాల జామ్ రాసిన కమ్మటి టోస్ట్ తప్పక తినాలి.

శాకాహారులకు: ఇక్కడే అసలు జాగ్రత్త. కాయాలో గుడ్డు ఉంటుంది. చికెన్ రైస్‌లో ముక్కలు తీసేయమన్నా లాభం లేదు, అన్నమే కోడి రసంలో ఉడుకుతుంది. లిటిల్ ఇండియా పేటలోని టెక్కా సెంటర్ అనే హాకర్ సెంటర్‌కి వెళ్తే దోసెలు దొరుకుతాయి.

పెద్దవాళ్లతో తీరిగ్గా టిఫిన్ చేయాలంటే కోపిటియం. నలుగురికీ నాలుగు రుచులు కావాలంటే హాకర్ సెంటర్. ఒక్కపూటే ఉంటే నేనైతే హాకర్ సెంటర్‌కే పంపుతాను.