కాలు నొప్పితో ట్రయాథ్లాన్: నడిచైనా పూర్తి చేయడమా, రిలేకు మారడమా, మానుకోవడమా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు (ఈత, సైకిల్, పరుగు వరుసగా ముగించే ట్రయాథ్లాన్ పోటీకి) సిద్ధమవుతున్న మిత్రులు పోటీ దగ్గరపడే సమయంలో నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటే. మడమ వెనుకనో, పిక్కలోనో, మోకాలి పక్కనో నొప్పి మొదలైంది, ఈతకూ సైకిల్‌కూ అడ్డు లేదు కానీ పరుగు మాత్రం కష్టంగా ఉంది, ఇప్పుడు ఏది మేలు అని. వారి ముందున్న దారులు ప్రధానంగా మూడు: పరుగు భాగాన్ని నడిచైనా ముగించడం, ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరు చేసే రిలే జట్టులో ఈత లేదా సైకిల్ భాగం తీసుకోవడం, ఈసారికి మానుకోవడం.

ఈ మూడింటిలో ఏదైనా ఎంచుకునే ముందు తేల్చుకోవలసింది దెబ్బ ఎముకకు తగిలిందా, స్నాయువుకు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి కణజాలానికి) తగిలిందా అన్నది. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమనడం, రాత్రి పడుకున్నా సలుపు తగ్గకపోవడం స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు (పదేపదే పడిన ఒత్తిడితో ఎముకలో వచ్చే సన్నని పగులుకు) సూచనలు కావచ్చు. తొలి దశలో అది ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు కనుక, ఎక్స్‌రే బాగుందన్న ధైర్యంతో పరుగుకు దిగకుండా, ఎంఆర్ఐ అవసరమేమో ఎముకల వైద్యుణ్ణి అడగాలి. ఎముక దెబ్బ అని తేలితే పరుగు గురించి చర్చే లేదు, నడక గురించి కూడా లేదు.

స్నాయువు నొప్పి విషయం వేరు, మనల్ని ఎక్కువగా మోసగించేది కూడా అదే. మడమ వెనుక స్నాయువు మొదటి కొన్ని నిమిషాలు బిగుసుకుపోయినట్లు ఉండి, ఒళ్లు వేడెక్కగానే సర్దుకుంటుంది. ఆ తర్వాత ఎంత దూరం పరిగెత్తినా పెద్దగా ఫిర్యాదు చేయదు, అసలు లెక్క మర్నాడు ఉదయం తేలుతుంది. అందువల్ల పరుగు మధ్యలో ఎలా అనిపించిందన్న దాని కంటే, మర్నాడు మంచం దిగి వేసే మొదటి అడుగులు ఎలా ఉన్నాయన్నదే నా దృష్టిలో నిర్ణయాత్మకం. దీన్ని పోటీకి ముందే పరీక్షించుకోవచ్చు. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దారిలో తీరిగ్గా సైకిల్ తొక్కి వచ్చి, దిగిన వెంటనే మూడు నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా పరిగెత్తండి. మర్నాడు ఉదయం ఒంటికాలి మీద మడమ ఎత్తి చూసినప్పుడు నొప్పి ఎప్పటి కంటే పెరిగితే, పోటీలోని 21.1 కిలోమీటర్ల పరుగుకు ఆ కాలు సిద్ధంగా లేదని అర్థం.

నడిచి ముగిస్తామనేవారు గడియారం వైపు కూడా చూడాలి. నియమాల ప్రకారం నడకకు అభ్యంతరం లేదు. గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున విడవకుండా నడిస్తే 21.1 కిలోమీటర్లకు మూడున్నర గంటలు, అయిదు చొప్పున అయితే నాలుగుంబావు గంటలు పడుతుంది. హాఫ్ దూరానికి మొత్తం గడువు సాధారణంగా ఎనిమిదిన్నర గంటలే కాబట్టి, 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, మధ్యలో దుస్తుల మార్పు అన్నీ కలిపి నాలుగున్నర గంటల లోపు ముగించి, గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున నడవగల వారికే ఈ దారిలో కొంత ఊపిరి ఆడుతుంది. మిగిలినవారు చివరి కిలోమీటర్లలో గడువు తరుముతుంటే తప్పక పరుగు అందుకుంటారు, దెబ్బ ముదిరేది అక్కడే.

ఆ దశలోనే చాలామంది నొప్పి మాత్ర వైపు చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎండలో గంటల తరబడి చెమటోడ్చి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ అసలే తగ్గుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో కళ్లారా చూస్తున్న జిల్లా మనది. ఒక పతకం కోసం మూత్రపిండాలతో పందెం కాయడం మనకు అసలే తగదు.

అందుకే స్నాయువు నొప్పి ఉన్నవారికి నేను రిలేనే సూచిస్తాను, ఈ ఏడాది నేను ఎంచుకున్నదీ అదే. నెలల తరబడి చేసిన సాధన వృథా కాదు, పోటీ వాతావరణం దక్కుతుంది, కాలికి పరుగు తాకిడి తప్పుతుంది. అయితే ఏ భాగం తీసుకోవాలన్నది నొప్పి ఉన్న చోటును బట్టి ఉంటుంది. మడమ స్నాయువు నొప్పి ఉన్నవారు సైకిల్ బూటు అడుగున పెడల్‌కు బిగుసుకునే క్లీట్‌ను కాస్త వెనక్కి జరిపితే పిక్క మీద భారం తగ్గుతుంది. మోకాలి ముందు భాగంలో నొప్పి ఉంటే సీటు మరీ కిందికి ఉందేమో చూసుకోవాలి. అలా ఉంటే చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. మోకాలి లోపలి వైపు నొప్పి ఉన్నవారు ఈతలో కప్ప తన్ను మానాలి. సముద్రపు ఈత సాధనకు మాత్రం కళింగపట్నంలో వంశధార కలిసే చోటును ఎంచుకోవద్దు, అక్కడి ప్రవాహాలు ప్రమాదకరం.

తక్కువ దూరపు స్ప్రింట్‌కు మారడం నొప్పి స్వల్పంగా ఉన్నవారికి సరిపోతుంది, దానిలోనూ అయిదు కిలోమీటర్ల పరుగు ఉంటుంది. ఎముక దెబ్బ ఉన్నవారికి మానుకోవడమే సరైన దారి. వ్యక్తిగత నమోదును రిలేకు గానీ, వచ్చే ఏడాదికి గానీ మార్చుకునే వీలు నిర్వాహకుల నియమాలను బట్టి ఉంటుంది కనుక, పైన చెప్పిన పరీక్షను ఆ మార్పుకు వారు పెట్టిన గడువు దాటకముందే పూర్తిచేసి వారికి రాయండి.